గడప దగ్గరే కడగాల్సిన డేటా

ఉద్యోగులకు జీతాలు వేసే సాఫ్ట్‌వేర్‌లో ఒక చిన్న పని మీకు అప్పగించారనుకోండి. ఉద్యోగి తన ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్ టైప్ చేస్తాడు. స్క్రీన్ మీద బ్యాంకు పేరు, శాఖ పేరు, ఊరు కనిపించాలి. అవి చూసుకుని ‘అవును, మా శాఖే’ అనుకున్నాక అతను సరే నొక్కుతాడు. ఆ తర్వాత నెలనెలా అతని జీతం ఆ కోడ్ పట్టుకునే వెళ్తుంది. చూడబోతే పది లైన్ల కోడ్. అయినా దీనికోసం ఒక అధ్యాయం కేటాయిస్తున్నాను, ఎందుకంటే ఆ జాబితా మీది కాదు.

మీది కాని డేటాను వాడడం వేరే విద్య. ఐఎఫ్‌ఎస్‌సీ జాబితాను రిజర్వ్ బ్యాంక్ ప్రచురిస్తుంది. శాఖలు తెరిచేదీ మూసేదీ బ్యాంకులు. అందులో మీ మాట చెల్లదు. ఏ కాలమ్‌లో ఏం పెడతారో, ఊరి పేరు ఏ స్పెల్లింగ్‌తో రాస్తారో, ఫైలు ఎప్పుడు మారుస్తారో అంతా వాళ్ల ఇష్టం. ఈరోజు ఎక్సెల్ ఫైలుగా వచ్చినది రేపు మీ కంపెనీ డేటాబేస్‌లో ఒక టేబుల్ కావచ్చు, ఎల్లుండి ఇంకెవరో నడిపే వెబ్ సర్వీస్ కావచ్చు. రేజర్‌పే సంస్థ ఇదే జాబితాను ఓపెన్ సోర్స్‌గా, ఏపీఐగా కూడా ఇస్తోంది.

మార్పు అంటే ఎంత పెద్దదో చూడండి. 1923లో భోగరాజు పట్టాభి సీతారామయ్య మచిలీపట్నంలో స్థాపించిన ఆంధ్రా బ్యాంక్ 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంక్ ఆఫ్ ఇండియాలో విలీనమైంది. ఐఎఫ్‌ఎస్‌సీలో 11 అక్షరాలుంటాయి. మొదటి నాలుగు బ్యాంకును చెబుతాయి, చివరి ఆరు శాఖను చెబుతాయి, మధ్యలో ఐదోది ఎప్పుడూ సున్నా. కాబట్టి బ్యాంకు మారితే కోడ్ మొదలే మారిపోతుంది. ‘ఏఎన్‌డీబీ’తో మొదలయ్యే కోడ్‌లు పోయి, వాటి బదులు ‘యూబీఐఎన్’తో మొదలయ్యేవి వచ్చాయి. అంతకు మూడేళ్ల ముందు, 2017 ఏప్రిల్ 1న, స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ ఎస్‌బీఐలో కలిసినప్పుడూ ఇదే జరిగింది. తెలుగువాళ్ల జీతాలు, పింఛన్లు, స్కాలర్‌షిప్‌లు ఎన్నో ఈ రెండు బ్యాంకుల్లోనే పడేవి. ఆ కోడ్‌లను చదివే, పోల్చే, సరిచూసే లైన్లు ఒక ప్రోగ్రామ్ అంతటా చెదిరి ఉంటే, విలీనం రోజున ఒక్కో లైనూ వెతికి మార్చాలి. ఒక్క క్లాస్‌లో ఉంటే ఆ ఒక్కటీ మారిస్తే చాలు.

ఆ ఒక్క క్లాస్ పేరే డేటా యాక్సెస్ ఆబ్జెక్ట్. ఆఫీసుల్లో అందరూ డీఏవో అంటారు. దీపక్ ఆలూర్, జాన్ క్రూపీ, డాన్ మాల్క్స్ కలిసి 2001లో తెచ్చిన ‘కోర్ జే2ఈఈ ప్యాటర్న్స్’ పుస్తకంతో ఈ పేరు జావా ప్రపంచంలో బాగా పాతుకుపోయింది. దాన్ని నేను అర్థం చేసుకున్న తీరు ఇది: పొలం నుంచో బజారు నుంచో వచ్చినవాళ్లు గడప దగ్గర కాళ్లు కడుక్కుని ఇంట్లోకి వస్తారు. బయటి డేటా మీ ప్రోగ్రామ్‌లోకి వచ్చే గడప డీఏవో. బయటి వింతలన్నీ, అంటే ఖాళీ కాలమ్‌లు, తారుమారైన స్పెల్లింగులు, ఆలస్యాలు, అర్థంకాని ఎర్రర్లు, అక్కడే తేలిపోవాలి. లోపలి కోడ్‌కు శుభ్రమైన సమాధానం మాత్రమే అందాలి.

ముందు ప్రశ్న రాయండి

చాలామంది డీఏవో రాయమనగానే డేటాబేస్ యూఆర్‌ఎల్, యూజర్ పేరు, పాస్‌వర్డ్ వెతుక్కుంటారు. అది చివర చేయాల్సిన పని. ముందుగా ఒక ఖాళీ ఇంటర్‌ఫేస్ తెరవండి. మీ ప్రోగ్రామ్‌కు బయటి నుంచి ఏం తెలియాలో మామూలు మాటల్లో అనుకోండి. ‘ఈ కోడ్ ఏ శాఖది?’ ఇదే మీ ప్రశ్న. దాన్ని ఒక మెథడ్‌గా రాయండి: పేరు ‘ఫైండ్’, తీసుకునేది ఐఎఫ్‌ఎస్‌సీ, ఇచ్చేది శాఖ. అందులో ఎస్‌క్యూఎల్ అన్న వాసన ఉండకూడదు, హెచ్‌టీటీపీ అన్న వాసన ఉండకూడదు. ఎస్‌క్యూఎల్ స్ట్రింగ్ తీసుకుని మ్యాప్‌ల లిస్ట్ తిరిగిచ్చే ‘రన్‌క్వెరీ’ లాంటి మెథడ్ రాశారంటే దానికి డీఏవో అని పేరు పెట్టినా లాభం లేదు. దాన్ని పిలిచే ప్రతివాడికీ కాలమ్ పేర్లు తెలియాల్సిందే. గడప దాటి బురద నేరుగా నట్టింట్లోకి వచ్చేసినట్టే.

ఫైండ్ మెథడ్ తీసుకునేది ఉత్త స్ట్రింగ్ కాకూడదని నా గట్టి అభిప్రాయం. జావా 16తో 2021లో రికార్డ్‌లు భాషలో స్థిరపడ్డాయి. ‘ఐఎఫ్‌ఎస్‌సీ’ అనే రికార్డ్ రాయడానికి ఒక్క లైను చాలు. దాని కన్‌స్ట్రక్టర్‌లోనే పరీక్షలు పెట్టండి: ముందూ వెనకా ఖాళీలు తీసేయాలి, పెద్దక్షరాల్లోకి మార్చాలి, 11 అక్షరాలున్నాయో లేదో చూడాలి, ఐదోది సున్నా కాకపోతే ఒప్పుకోకూడదు. పెద్దక్షరాల్లోకి మార్చేటప్పుడు ‘లొకేల్ రూట్’ అని చెప్పడం మరవకండి. చెప్పకపోతే జావా ఆ మెషీన్ భాష సెట్టింగ్ చూసుకుంటుంది. టర్కీ భాష సెట్టింగ్ ఉన్న సర్వర్ మీద చిన్న ‘ఐ’ అక్షరం నెత్తిన చుక్కతో పెద్దదవుతుంది, దాంతో చిన్నక్షరాల్లో కొట్టిన ఐసీఐసీఐ బ్యాంకు కోడ్‌లు ఒక్కటీ దొరకవు. దేశదేశాల్లో నడిచే సర్వర్లకు కోడ్ రాసేవాళ్లు మనవాళ్లలో ఇప్పుడు లెక్కలేనంత మంది, ఈ జాగ్రత్త వాళ్లకు ఊరికే పోదు.

ఐదో అక్షరం దగ్గర జనం సున్నా బదులు ఇంగ్లిష్ ‘ఓ’ అక్షరం టైప్ చేస్తుంటారు. కోడే దాన్ని సున్నాగా మార్చేయొచ్చు కదా అనిపిస్తుంది. ఆ ఒక్క స్థానంలో మార్చినా ప్రమాదం లేదు, అక్కడ సున్నా తప్ప ఇంకేమీ ఉండదు కాబట్టి. కానీ చివరి ఆరింటిలో అంకెలే కాదు, అక్షరాలు కూడా రావచ్చు, అక్కడ ఊహించడం తగదు. నేనైతే రెండుచోట్లా మార్చను. ‘ఐదోది సున్నా ఉండాలి, మీరు ఓ అక్షరం కొట్టారు’ అని చెప్పి, ఆ మనిషి చేతే దిద్దిస్తాను. డబ్బు వెళ్లే దారిలో ప్రోగ్రామ్ నిశ్శబ్దంగా దిద్దుబాట్లు చేయకూడదు.

లేదు వేరు, తెలియలేదు వేరు

ఇప్పుడు సమాధానం సంగతి. దీని దగ్గర కాస్త నిలబడదాం. నేను చూసిన డీఏవోలలో ఎక్కువ హాని చేసినవన్నీ ఇక్కడే తడబడ్డాయి.

‘ఈ కోడ్ ఏ శాఖది?’ అన్న ప్రశ్నకు ఎన్ని రకాల సమాధానాలున్నాయి? ఫలానా శాఖది అనేది ఒకటి. అలాంటి కోడ్ లేదు అనేది రెండోది. ఈ రెండే అయితే జావా 8 నుంచి ఉన్న ‘ఆప్షనల్’ సరిపోయేది. కానీ ఆంధ్రా బ్యాంక్ కథ మూడోది చూపించింది: ఆ కోడ్ ఉండేది, ఇప్పుడు ఇంకో కోడ్‌గా మారింది. పాత పాస్‌బుక్ చూసి కోడ్ కొట్టిన ఉద్యోగికి ‘తప్పు కోడ్’ అని చూపిస్తే అతనికి అన్యాయం చేసినట్టే. అతను తప్పు చేయలేదు, బ్యాంకు మారింది. ‘మీ శాఖకు కొత్త కోడ్ ఇది, సరిచూసుకోండి’ అని చెప్పగలగాలి. అందుకని జావా 17లో స్థిరపడ్డ సీల్డ్ ఇంటర్‌ఫేస్ వాడండి. ‘దొరికింది’, ‘మారింది’, ‘లేదు’ అని మూడు రికార్డ్‌లు దాని కింద పెట్టండి. జావా 21 నుంచి స్విచ్‌లో ఈ మూడింటినీ విడదీసి రాయవచ్చు. ఒకదాన్ని మరిచిపోతే కంపైలర్ ఊరుకోదు. మనిషి గుర్తుపెట్టుకోవాల్సిన భారాన్ని కంపైలర్ మీద పెట్టగలిగిన ప్రతిచోటా పెట్టండి. మీ తర్వాత ఆ కోడ్ ముట్టుకునే కుర్రవాడో అమ్మాయో భయం లేకుండా పని చేసుకుంటారు.

ఇక నాలుగోది. అడగడానికి వెళ్లాం, డేటాబేస్ పలకలేదు. నెట్‌వర్క్ తెగింది. సర్వీస్ పది సెకన్లయినా జవాబివ్వలేదు. ఇది ‘లేదు’ కాదు, ‘తెలియలేదు’. రెండింటికీ మధ్య ఎంత దూరముందో జీతం ఆగిపోయిన మనిషికి తెలుస్తుంది. క్యాచ్ బ్లాక్‌లో నల్ తిరిగివ్వడం, ఖాళీ లిస్ట్ తిరిగివ్వడం, ఎర్రర్‌ను లాగ్‌లో ఒక లైను రాసి వదిలేయడం, ఇవన్నీ ‘తెలియలేదు’ను ‘లేదు’గా మార్చి చెప్పడమే. డేటాబేస్ కాసేపు పడిపోయిన ఆ సమయంలో కోడ్ కొట్టినవాళ్లందరికీ ‘ఈ శాఖ లేదు’ అని వస్తుంది. సరైన కోడ్ కొట్టినవాడు తన పాస్‌బుక్‌నే అనుమానిస్తాడు. ఒక పూట పని మానుకుని బ్యాంకు చుట్టూ తిరుగుతాడు. అక్కడ ‘కోడ్ సరిగ్గానే ఉంది’ అంటారు. మీ ప్రోగ్రామ్ చెప్పిన అబద్ధానికి అతని కూలి పోయింది.

కాబట్టి నాలుగో సమాధానం ఎక్సెప్షన్‌గానే బయటికి రావాలి. అయితే ‘ఎస్‌క్యూఎల్ ఎక్సెప్షన్’ను యథాతథంగా పైకి వదలకండి, అది డేటాబేస్ బురద. ‘శాఖల సమాచారం అందుబాటులో లేదు’ అనే అర్థంతో మీ సొంత రన్‌టైమ్ ఎక్సెప్షన్ ఒకటి రాసుకుని, అసలు ఎక్సెప్షన్‌ను కారణంగా దాని లోపల పెట్టండి. కారణం పెట్టకుండా కొత్తది విసిరితే, అర్ధరాత్రి లాగ్ చూస్తున్న మనిషికి ఏం జరిగిందో తెలిసే దారే మూసుకుపోతుంది. మళ్లీ ప్రయత్నిస్తే పని అవుతుందా అన్నది కూడా ఆ ఎక్సెప్షన్‌లోనే చెప్పగలిగితే ఇంకా మంచిది. 2006లో జావా 6తో వచ్చిన జేడీబీసీ 4.0 నుంచి తాత్కాలికమైన గొడవలకు ‘ఎస్‌క్యూఎల్ ట్రాన్సియంట్ ఎక్సెప్షన్’ అని విడిగా ఒక క్లాస్ ఉంది. అన్ని డ్రైవర్లూ దాన్ని ఒకేలా వాడవు, కాబట్టి ఎస్‌క్యూఎల్ స్టేట్ అనే ఐదక్షరాల కోడ్ కూడా చూడండి. 08తో మొదలైతే కనెక్షన్ గొడవ. 23తో మొదలైతే డేటా నియమం ఏదో తప్పింది, ఎన్నిసార్లు ప్రయత్నించినా అంతే.

డేటాబేస్ నుంచి తేవడం

ఇంటర్‌ఫేస్ అయింది, సమాధానాలు తేలాయి. ఇప్పుడు జేడీబీసీ తెరవండి. 1997లో జేడీకే 1.1తో వచ్చిన ఆ లైబ్రరీ ఇప్పటికీ అడుగున అదే పని చేస్తోంది. హైబర్నేట్ వాడినా, స్ప్రింగ్ వాడినా కింద నడిచేది అదే. స్ప్రింగ్‌లోని ‘జేడీబీసీ టెంప్లేట్’ కనెక్షన్ మూసే బాధ్యత తనే తీసుకుంటుంది, దాన్ని హాయిగా వాడుకోండి. కానీ మీ టేబుల్స్ మీరే రూపొందించుకున్నప్పుడు అందంగా ఇమిడిపోయే జేపీఏ ఎంటిటీలు, ఎవరిదో బయటి టేబుల్ దగ్గర ఇబ్బంది పెడతాయి. దాని ఆకారం మీ క్లాస్‌ల మీద అచ్చుపడిపోతుంది. బయటి డేటాకు చేత్తో రాసిన క్వెరీయే మేలని నా అనుభవం.

కనెక్షన్ మీ క్లాస్ లోపల తయారు చేయకండి, ‘డేటాసోర్స్’ను కన్‌స్ట్రక్టర్‌లో తీసుకోండి. క్వెరీని జావా 15 నుంచి వచ్చిన టెక్స్ట్ బ్లాక్‌లో రాయండి, చదవడానికి బాగుంటుంది. ‘సెలెక్ట్ స్టార్’ వద్దు, కావాల్సిన కాలమ్‌ల పేర్లు రాయండి. అవతలివాళ్లు ఒక కాలమ్ తీసేస్తే క్వెరీ అక్కడికక్కడే విఫలమవుతుంది, మీకు వెంటనే తెలుస్తుంది. కనెక్షన్, స్టేట్‌మెంట్, రిజల్ట్‌సెట్ మూడింటినీ 2011లో జావా 7 ఇచ్చిన ‘ట్రై విత్ రిసోర్సెస్’లో పెట్టండి. ఎక్సెప్షన్ వచ్చినా రాకపోయినా అవి మూసుకుంటాయి.

యూజర్ ఇచ్చిన విలువను క్వెరీ స్ట్రింగ్‌తో కలిపి అతికించడం ఎప్పుడూ చేయకండి. ‘ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్’లో ప్రశ్నార్థకం పెట్టి విలువను విడిగా ఇవ్వండి. ఆ ప్రశ్నార్థకాల లెక్క సున్నాతో కాదు, ఒకటితో మొదలవుతుంది. అతికించడంలోని ప్రమాదాన్ని 1998లోనే ‘ఫ్రాక్’ అనే హ్యాకర్ల పత్రికలో రాశారు. 17 ఏళ్ల తర్వాత, 2015లో, బ్రిటన్ టెలికాం సంస్థ టాక్‌టాక్ నుంచి లక్షన్నరకు పైగా ఖాతాదారుల వివరాలు అదే దారిలో బయటికి పోయాయి. అక్కడి సమాచార కమిషనర్ 2016లో ఆ సంస్థకు 4 లక్షల పౌండ్ల జరిమానా వేశారు. ఐఎఫ్‌ఎస్‌సీ రికార్డ్‌లో మీరు పరీక్షలు పెట్టారు కదా, అతికిస్తే ఏమైందని అడగవచ్చు. ఈరోజు ఏమీ కాదు. రేపు ఊరి పేరుతో వెతికే మెథడ్ ఒకటి ఇంకెవరో జోడిస్తారు, పక్కనున్న మీ మెథడ్ చూసే నేర్చుకుంటారు.

ప్రశ్నార్థకంతో తీరని పని ఒకటుంది. కాలమ్ పేరుకూ టేబుల్ పేరుకూ ప్రశ్నార్థకం పెట్టడం కుదరదు. యూజర్ కోరిన వరుసలో జాబితా చూపాలంటే, ఏయే కాలమ్‌లు అనుమతిస్తారో ఒక ఈనమ్‌లో రాసుకుని అందులోంచే ఎంచుకోండి. అలాగే క్వెరీలో ‘లైక్’ వాడేటప్పుడు యూజర్ టైప్ చేసిన శాతం గుర్తు, అండర్‌స్కోర్ ప్రత్యేకార్థంలోకి పోకుండా ఎస్కేప్ చేయాలి. ఒక్క శాతం గుర్తు కొడితే మొత్తం జాబితా వచ్చిపడే సెర్చ్ పేజీలు తక్కువేం లేవు.

రిజల్ట్‌సెట్ నుంచి విలువలు తీసే లైన్లే అసలైన కాళ్లు కడిగే చోటు. ‘గెట్ ఇంట్’ అనే మెథడ్ ఖాళీ విలువకు సున్నా ఇస్తుంది. ఖాళీకీ సున్నాకీ తేడా ఉన్నచోట ‘గెట్ ఆబ్జెక్ట్’తో ఇంటిజర్ క్లాస్ అడగండి, నల్ వస్తే నల్ అని తెలుస్తుంది. ఫోన్ నంబర్, పిన్‌కోడ్ లాంటివి అంకెల్లా కనిపించినా స్ట్రింగ్‌గానే తీసుకోండి. ఎక్సెల్ మీదుగా వచ్చిన ఫైలులో హైదరాబాద్ ఎస్‌టీడీ కోడ్ 040 కాస్తా 40 అయి వస్తుంది. పాత జాబితాల్లో హైదరాబాద్, వరంగల్ శాఖలు ఆంధ్రప్రదేశ్ కిందే ఉంటాయి, 2014 జూన్ 2 తర్వాత అది నిజం కాదు. కడపను పాత రికార్డులు ఇంగ్లిష్‌లో సీ అక్షరంతోనూ కొత్తవి కే అక్షరంతోనూ మొదలుపెడతాయి. ఈ సర్దుబాట్లన్నీ ఒక్క చిన్న ప్రైవేట్ మెథడ్‌లో, రిజల్ట్‌సెట్‌ను శాఖగా మార్చే మెథడ్‌లో ఉండాలి. స్క్రీన్ గీసే కోడ్‌లో ‘హైదరాబాద్ అయితే తెలంగాణ’ అనే షరతు కనిపిస్తే గడప దగ్గర పని సగంలో ఆగిందని అర్థం.

తేదీల దగ్గర ఇంకో జాగ్రత్త. విలీనం అమల్లోకి వచ్చినది 2020 ఏప్రిల్ 1. దాన్ని భారత కాలమానంలో అర్ధరాత్రి 12 గంటలుగా రాసి యూటీసీలో దాచితే అది మార్చి 31 సాయంత్రం 6:30 అవుతుంది. యూటీసీలో నడిచే సర్వర్ దాన్ని ఉత్త తేదీగా చదివితే ఒక రోజు వెనక్కి పోతుంది. గడియారంతో పని లేని తేదీని తేదీగానే దాచండి, జేడీబీసీ 4.2 నుంచి ‘గెట్ ఆబ్జెక్ట్’కు ‘లోకల్‌డేట్’ క్లాస్ ఇచ్చి నేరుగా తీసుకోవచ్చు.

మన లిపితో పని చేసేవాళ్లకు విడిగా చెప్పాల్సిన మాట ఉంది. శాఖ పేరు తెలుగులో వెతికే సదుపాయం ఇస్తున్నారనుకోండి. ‘అమీర్‌పేట’ అని రాయడానికి ర్ తర్వాత కంటికి కనిపించని జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే అక్షరం పెడతాం. అది పెట్టకుండా టైప్ చేస్తే ‘అమీర్పేట’ వస్తుంది. మనకు రెండూ ఒకే చోటు, జావాకు రెండు వేర్వేరు స్ట్రింగులు. వెతికేముందు, దాచేముందు కూడా పోలికకు వాడే కాలమ్‌లో ఆ అక్షరం తీసేయండి, ‘నార్మలైజర్’తో యూనికోడ్ రూపాన్ని ఒకటి చేయండి. చూపించే కాలమ్‌లో మాత్రం అసలు రూపం అలాగే ఉండనివ్వండి. పొడవు లెక్క కూడా చూసుకోండి. యూటీఎఫ్-8లో తెలుగు అక్షరం ప్రతిదీ, గుణింతపు గుర్తులతో సహా, 3 బైట్లు. అమీర్‌పేటకు 27 బైట్లు, రాజమహేంద్రవరానికి 39 బైట్లు. ఒరాకిల్‌లో వార్‌చార్2 కాలమ్‌కు 30 అని రాస్తే, వేరేగా చెప్పనంతవరకు అవి బైట్లే. అమీర్‌పేట పడుతుంది, రాజమహేంద్రవరం పట్టదు.

ఇక మొత్తం కంపెనీ ఉద్యోగులను ఒకేసారి సరిచూడాల్సి వస్తే ఫైండ్ మెథడ్‌ను లూప్‌లో పిలవకండి. 2,000 మందికి 2,000 సార్లు డేటాబేస్‌కు వెళ్లి రావడం అవుతుంది. కోడ్‌ల సమూహం తీసుకుని మ్యాప్ తిరిగిచ్చే రెండో మెథడ్ ఇంటర్‌ఫేస్‌లో పెట్టండి. ఒరాకిల్ చాలా వెర్షన్లలో క్వెరీలోని ‘ఇన్’ జాబితాలో 1,000 దాటనివ్వదు, కాబట్టి ముక్కలు చేసే పని ఆ మెథడ్ లోపలే జరగాలి. పిలిచేవాళ్లకు ఆ పరిమితి సంగతి తెలియనవసరం లేదు. పోస్ట్‌గ్రెస్ వాడితే ఇంకోటి: దాని డ్రైవర్ మామూలుగా ఫలితం మొత్తాన్ని మెమరీలోకి తెచ్చుకుంటుంది. విడతలుగా రావాలంటే ఫెచ్ సైజ్ చెప్పడం ఒక్కటే సరిపోదు, ఆటోకమిట్ కూడా ఆపాలి.

జవాబు రాని వేళ

వెబ్ సర్వీస్ నుంచి తెచ్చే డీఏవో కూడా అదే ఇంటర్‌ఫేస్‌ను అమలు చేస్తుంది. జావా 11 నుంచి ‘హెచ్‌టీటీపీ క్లయింట్’ భాషతోనే వస్తోంది, వేరే లైబ్రరీ అక్కర్లేదు. అయితే మీరు చెప్పకపోతే దానికి కాలపరిమితి ఉండదు. జేడీబీసీ క్వెరీకీ అంతే, టైమ్‌అవుట్ సున్నా అంటే హద్దు లేదని అర్థం. ఇది ఎలా ముంచుతుందో ఒకసారి మనసులో నడిపి చూడండి. హికారీ అనే కనెక్షన్ పూల్ డిఫాల్ట్‌గా 10 కనెక్షన్లు ఉంచుతుంది. ఎవరో ఒక మెథడ్‌లో ట్రాన్సాక్షన్ మొదలుపెట్టి, దాని మధ్యలో ఐఎఫ్‌ఎస్‌సీ సర్వీస్‌ను పిలిచారు. సర్వీస్ మౌనం వహించింది. పది మంది యూజర్లు వచ్చేసరికి పది కనెక్షన్లూ చేతులు కట్టుకుని కూర్చున్నాయి. పదకొండో మనిషికి ఐఎఫ్‌ఎస్‌సీతో ఏ సంబంధమూ లేదు, సెలవు చీటీ పెట్టడానికి వచ్చాడు. అతనూ 30 సెకన్లు ఎదురుచూసి ఎర్రర్ చూస్తాడు, హికారీలో వేచి ఉండే డిఫాల్ట్ గడువు అదే. బయట ఎక్కడో ఒక సర్వీస్ నెమ్మదిస్తే మీ ఆఫీసు సాఫ్ట్‌వేర్ అంతా ఆగిపోయింది.

అందుకని కనెక్ట్ కావడానికి ఒక గడువు, జవాబు రావడానికి ఒక గడువు, రెండూ మొదటి రోజే పెట్టండి. డేటాబేస్ కనెక్షన్ చేతిలో ఉండగా వెబ్ సర్వీస్‌ను పిలవకండి. మనిషి స్క్రీన్ ముందు ఎదురుచూసే ఈ పనికి రెండు మూడు సెకన్లు చాలంటాను. అంతలో రాకపోతే ‘ఇప్పుడు సరిచూడలేకపోతున్నాం, కాసేపాగి ప్రయత్నించండి’ అని చెప్పడం మర్యాద.

స్టేటస్ కోడ్‌లను మీ సమాధానాలుగా మార్చేటప్పుడు 404 దగ్గర జాగ్రత్త. అది ‘లేదు’ అని తేలిగ్గా అనిపిస్తుంది. కానీ సర్వీస్ అడ్రస్ మారినా, కాన్ఫిగరేషన్‌లో ఒక గీత తప్పినా ప్రతి ప్రశ్నకూ 404 వస్తుంది. అప్పుడు దేశంలోని శాఖలన్నీ ఒక్కసారిగా మాయమైనట్టు మీ ప్రోగ్రామ్ చెబుతుంది. ప్రోగ్రామ్ మొదలైనప్పుడు తప్పక ఉండాల్సిన ఒక కోడ్‌ను అడిగి చూడండి. అది దొరకకపోతే తర్వాత వచ్చే 404లను నమ్మకండి. 200 వచ్చినా కంటెంట్ టైప్ చూడండి, మరమ్మతుల వేళ జేసన్ బదులు హెచ్‌టీఎంఎల్ పేజీ పంపే సర్వీసులున్నాయి. 429, 503 వస్తే సర్వీస్ చెప్పిన ‘రీట్రై ఆఫ్టర్’ గడువు పాటించి మళ్లీ అడగండి, వెంటవెంటనే కాదు. 400 వస్తే మళ్లీ అడగడం వృథా.

శాఖల వివరాలు రోజూ మారేవి కావు కాబట్టి జవాబులు దాచుకోవచ్చు. క్యాష్‌ను డీఏవో లోపల ఇరికించకుండా, అదే ఇంటర్‌ఫేస్‌ను అమలు చేస్తూ లోపల ఇంకో డీఏవోను పట్టుకునే క్లాస్‌గా రాయండి. ‘దొరికింది’ అన్న జవాబును ఒక రోజు ఉంచండి, ‘లేదు’ను కొద్ది నిమిషాలే ఉంచండి, ఈరోజే తెరిచిన శాఖ కావచ్చు కదా. ‘తెలియలేదు’ను అసలు దాచకండి. శాఖ రికార్డ్‌లో ఈ సమాచారం ఏ తేదీదో చెప్పే ఫీల్డ్ ఒకటి తప్పకుండా పెట్టండి. పాత జవాబు చూపించాల్సి వచ్చినప్పుడు అది పాతదని చెప్పగలుగుతారు.

పరీక్షలూ, ఈ వారం పనీ

హ్యాష్‌మ్యాప్‌తో ఒక ఉత్తుత్తి డీఏవో రాసుకుంటే మిగతా ప్రోగ్రామ్ పరీక్షలు డేటాబేస్ లేకుండానే నడుస్తాయి. కానీ అసలు డీఏవోను ఉత్తుత్తి డేటాబేస్‌తో పరీక్షించి సంతృప్తి పడకండి. హెచ్2 లాంటి చిన్న డేటాబేస్‌లో నడిచిన క్వెరీ ఒరాకిల్‌లో నడవకపోవచ్చు. టెస్ట్‌కంటెయినర్స్ లైబ్రరీ డాకర్‌లో నిజమైన పోస్ట్‌గ్రెస్‌నో ఒరాకిల్‌నో లేపి ఇస్తుంది, దాని మీద రాజమహేంద్రవరం పట్టిందో లేదో చూడండి. వెబ్ సర్వీస్ వైపు జేడీకేలోనే చిన్న ‘హెచ్‌టీటీపీ సర్వర్’ క్లాస్ ఉంది. టెస్ట్ లోపలే దాన్ని నడిపి 503 పంపించండి, హెచ్‌టీఎంఎల్ పంపించండి, గడువు దాటేంతసేపు జవాబివ్వకుండా ఆపండి. ప్రతిసారీ మీ డీఏవో ‘లేదు’ అనకుండా ‘తెలియలేదు’ అంటోందా? ఈ అధ్యాయంలో ఒక్క టెస్టే రాసే తీరిక ఉంటే అదే రాయండి.

ఈ వారం చేయాల్సిన పని చెబుతాను. రిజర్వ్ బ్యాంక్ జాబితాలోంచి మీ జిల్లా శాఖలు తీసుకుని సీఎస్‌వీ ఫైలుగా పెట్టుకోండి. ఫైలు చదివే డీఏవో రాయండి, ఒక చిన్న స్క్రీన్ పెట్టి కోడ్ కొడితే శాఖ కనిపించేలా చేయండి. పని పూర్తయ్యాక గిట్‌లో కమిట్ చేయండి. తర్వాత అదే డేటాను పోస్ట్‌గ్రెస్ టేబుల్‌లోకి ఎక్కించి, ఫైలు డీఏవో స్థానంలో జేడీబీసీ డీఏవో పెట్టండి. అది నడిచాక దాన్నీ కమిట్ చేసి, రెండు కమిట్ల మధ్య ‘గిట్ డిఫ్’ తీసి ఏయే ఫైళ్లు మారాయో చూడండి. పోస్ట్‌గ్రెస్ డ్రైవర్ జోడించిన బిల్డ్ ఫైలు కాక, కొత్త డీఏవో ఫైలు, దాన్ని తయారుచేసి చేతికిచ్చే ఒక్క లైను, ఈ రెండే మారి ఉండాలి. ఇంకో ఫైలు కనిపిస్తే దాన్ని తెరిచి, మారిన లైనులో బయటి డేటాకు చెందిన మాట ఏముందో గుర్తుపట్టి, దాన్ని డీఏవోలోకి తరలించి, మళ్లీ డిఫ్ తీయండి.